మిరపకాయ సెలవులు

బడి మానేసిన పిల్లల గురించి రాయదలుచుకున్నవాళ్లు మాస్టర్లను అడుగుతారు, అధికారులను అడుగుతారు, తల్లిదండ్రులను అడుగుతారు. మానేసింది మాత్రం పిల్లలు. వాళ్లను ఎవరూ అడగరు. పెళ్లికూతుర్ని తప్ప ఊరందర్నీ అడిగి ముహూర్తం పెట్టినట్లుంటుంది వ్యవహారం! అందుకని మొన్న చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఖమ్మంలో బయలుదేరి, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం చేరి, అక్కణ్ణించి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు దాకా పోతూ, కనబడిన పిల్లలనల్లా అడిగాను: మీ తరగతిలో ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు, బడి ఎట్లా వుంటే మానకుండా వుండేవాళ్లు? పిల్లల పేర్లు గాని, బళ్ల పేర్లు గాని ఇక్కడ రాయబోవడం లేదు. నమ్మి చెప్పిన మాటకు రేపు వాళ్లు చీవాట్లు తినకూడదు గదా!

మొదట అందరిదీ ఒకటే జవాబు: "పైసల్లేక సార్." పెద్దల నోట విని అప్పజెప్పే పాఠమిది. అబద్ధమని కాదు. కాని ఆ జవాబు విన్న తర్వాత కూడా మీరు లేచిపోకుండా చెట్టుకింద మరో అరగంట కూర్చుంటే, పాఠంలో లేని సంగతులు ఒక్కొక్కటే బయటికి వస్తాయి.

ముందు ఖమ్మం సంగతి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఖమ్మం మిర్చియార్డు పక్కగా నడిచినవారికి ఆ ఊరి ఘాటు గురించి వేరే చెప్పనక్కరలేదు. ఎటు చూసినా తేజ రకం కాయల బస్తాలు. పొద్దున్నే జెండాపాట. ఆ పాటలో పలికిన ధర తన సరుక్కు కూడా వస్తుందనుకునే రైతు మొహం ఒక తీరుగా వుంటుంది. మధ్యాహ్నానికి అదే రైతు మొహం మరో తీరుగా వుంటుంది. బస్తాలు మోసే హమాలీలు, తూకం వేసే దడువాయిలు, తాలుకాయ వేరుచేసే ఆడకూలీలు, ఊరి చుట్టూ గ్రానైటు రాయి కోసే ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, వీళ్లందరి పిల్లల్లో చాలామంది చదివేది సర్కారు బళ్లలోనే. 2012లో ఖమ్మం నగరపాలక సంస్థ అయింది. ఊరు నగరమైనంత మాత్రాన ఊళ్లో జనం నగరవాసులయిపోతారా? ఈ కుటుంబాలకు ఒక కాలు పట్నంలో, ఒక కాలు పల్లెలో. కాపు కోతకు వచ్చిందంటే పల్లెలో వున్న కాలు లాగుతుంది.

ఎనిమిదో తరగతి కుర్రవాడొకణ్ణి పట్టుకుని, "నీ పక్కన కూర్చునేవాడు చదువు మానేశాడట గదా?" అన్నాను.

వాడు నన్ను సరిదిద్దాడు. "మానలే సార్. వస్తలేడు, అంతే."

మానడమూ, రాకపోవడమూ వేరువేరని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. ఆ కుర్రవాడు విడమరిచి చెప్పాడు. సంక్రాంతి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరికి పోయాడట స్నేహితుడు. అక్కడ మిరపతోట కోతకు వచ్చింది. అమ్మ పోతుంటే వీడూ పోయాడు. వారం అనుకున్నది నెల అయింది. తిరిగి వచ్చి బళ్లో కూర్చున్నాడు. హాజరు వేళ పేరు పిలిచి, "దొరగారు ఇప్పటికి దయచేశారా?" అన్నారు. తరగతంతా నవ్వింది. చెప్పినవాడు కూడా నవ్వాడట. ఆ ముక్క దాచకుండా చెప్పాడు. రెండో రోజు లెక్కల పీరియడులో బీజగణితం ఎక్కడో కొండమీద నడుస్తోంది. మూడో రోజు పరీక్షపెట్టారు. నాలుగో రోజు నుంచి వస్తలేడు. మరి మానేసింది ఏ రోజంటారు? తోటకు పోయిన రోజా, తరగతి నవ్విన రోజా?

మొత్తం ప్రయాణంలో ఇంతకన్న మంచి ప్రశ్న నాకు దొరకలేదు. ఎందుకంటే ప్రభుత్వాల లెక్కల్లో ఈ నాలుగు రోజులూ ఎక్కడా కనబడవు. కేంద్ర విద్యాశాఖవారు యుడైస్ అనే పేరుతో ఏటా దేశంలోని బళ్ల వివరాలన్నీ ప్రకటిస్తారు. 2021–22లో ప్రాథమిక స్థాయిలో నూటికి ఒకరిద్దరు మించి మానలేదనీ, తొమ్మిది, పది తరగతుల్లో మాత్రం 12.6 శాతం మానేశారనీ చెప్పారు. 2022–23 నుంచి బడి మొత్తానికి ఒక అంకె వేసే పద్ధతి పోయి, పిల్లవాడు పిల్లవాడికీ విడిగా వివరాలు రాసే పద్ధతి వచ్చింది. ఆ ప్రకారం 2024–25లో సెకండరీ స్థాయిలో మానేసినవారు 8.2 శాతం. లెక్క కట్టే తీరు మారింది కాబట్టి పన్నెండును ఎనిమిది పక్కన పెట్టి మురిసిపోవడం తొందరపాటవుతుంది. అదలా వుంచండి. ఈ లెక్క ప్రధానంగా పట్టేది ఈ ఏడు పేరుండి వచ్చే ఏడు ఏ బళ్లోనూ పేరు లేనివాణ్ణి. 'వస్తలేడు' అనేవాడు ఏడాది పొడుగునా హాజరుపట్టీలో క్షేమంగానే వుంటాడు. జూన్‌లో పై తరగతి పట్టీలోకి కూడా ఎక్కుతాడు. పేరు బళ్లో, మనిషి తోటలో!

చదువు నాణ్యత అనే మాట ఈ మధ్య అందరి నోటా వినబడుతోంది. 2024 అసర్ సర్వేలో దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బళ్లలో అయిదో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 44.8 శాతమని తేలింది. సగానికి తక్కువ. పిల్లలకు ఈ సర్వే సంగతి తెలియదు గాని, సంగతి మాత్రం తెలుసు. ఖమ్మంలోనే మరో బళ్లో పదిమంది ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుని, "మంచి టీచరంటే ఎవరమ్మా?" అని అడిగాను. బాగా చదువుకున్నవారనో, కొట్టనివారనో అంటారనుకున్నాను. ఒక పిల్ల తడుముకోకుండా, "మళ్లీ చెప్పేటామె సార్" అంది. మిగతావాళ్లంతా తలలూపారు. ఒకసారి చెప్పి పోయేవారు చాలామంది వున్నారట. అడిగితే మళ్లీ చెప్పేవారు తక్కువట. విసుక్కోకుండా మూడోసారి చెప్పే ఒకామె వుందని, ఆమె పీరియడుకు ఎవరూ ఎగ్గొట్టరని చెప్పారు. విద్యానాణ్యత గురించి నేను చదివిన నివేదికలన్నీ ఈ రెండు మాటల్లో ఇమిడిపోతాయేమో!

భవనాలు బాగుపడలేదని ఎవరూ అనలేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. 2022లో తెలంగాణలో మొదలైన మన ఊరు – మన బడి కింద బళ్లు కొన్ని రంగులు వేసుకున్నాయి, బల్లలు వచ్చాయి. మరుగుదొడ్డి వుంది గాని నీళ్లు రావని, నెలలో ఆ నాలుగు రోజులూ ఇంటిదగ్గరే వుండిపోతామని ఆడపిల్లలు తలొంచుకుని చెప్పారు. ఏడాదికి లెక్క వేసుకోండి ఎన్ని రోజులవుతుందో. ఆ రోజులకూ హాజరు వేళ జవాబు చెప్పుకోవాలి.

ఇక అడవి వైపు పోదాం. ఖమ్మం నుంచి భద్రాచలం మూడు గంటలకు పైబడిన బస్సు ప్రయాణం. సారపాకలో కాగితపు మిల్లు దాటి వంతెన ఎక్కితే గోదావరి. ఈ నేలకు జిల్లాలు, రాష్ట్రాలు మారడం అలవాటే. 1959 దాకా భద్రాచలం తాలూకా తూర్పు గోదావరి జిల్లాలో వుండేది. ఆ సంవత్సరం ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం పేరిట చుట్టూ వున్న మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయి, భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. రాముడు కదలకుండా కూర్చున్నాడు గాని ఆయన చుట్టూ సరిహద్దులు తిరుగుతూనే వున్నాయి. ఎటపాక వైపు పిల్లవాడు పట్నంలో బడికి రావాలంటే రాష్ట్రం దాటి రావాలి. పొద్దున ఒక రాష్ట్రంలో చద్దన్నం తిని, మధ్యాహ్నం మరో రాష్ట్రంలో బడిభోజనం తినడం వాడికి వింతగా లేదు. పై చదువుల్లో నువ్వు ఏ రాష్ట్రంవాడివన్న ప్రశ్న వచ్చినప్పుడు తెలుస్తుంది ఆ వింత.

భద్రాచలం దాటితే కోయగూడేలు. ఇక్కడ బడి మానడమనేది తోట దగ్గర మొదలు కాదు, ఒకటో తరగతిలో, మొదటి వారంలోనే మొదలవుతుంది. ఏడో తరగతి కోయపిల్ల ఒకతె నవ్వుతూ నాకు ఈ సంగతి బోధపరిచింది. వాళ్లింట్లో 'ఏరు' అంటే నీళ్లు. వాచకంలో ఏరంటే వాగు. ఇంట్లో 'లోను' అంటే ఇల్లు. టీచరు "లోనికి రా" అంటే, ఏ ఇంటికి రమ్మంటున్నారో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయేదట. ఇక 'నారు' అంటే ఊరు. పంతులుగారు నారు పోయడం, నారు పీకడం గురించి పాఠం చెబుతుంటే, ఊళ్లను ఎందుకు పీకుతున్నారో తెలియక బిక్కమొహం వేసిందట! ఇప్పుడు నవ్వుతోంది గాని, అప్పుడు ఆ గుమ్మంలో నుంచే వెనక్కి పోయినవాళ్లు ఆమె గూడెంలో నలుగురున్నారు. భాష బొత్తిగా తెలియకపోవడం ఒక కష్టం. తెలిసిన మాటే తప్పయి కూర్చోవడం ఇంకో కష్టం. నన్నడిగితే రెండోదే ఎక్కువ.

పైగా 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. పట్నంలో తల్లిదండ్రులు కోరుకున్నదే అది; వాళ్ల కోరికను తప్పు పట్టను. గూడెంలో పిల్లవాడికి మాత్రం తెలుగే రెండో భాష. మూడో మెట్టు మీద బడి, మొదటి మెట్టు కింద పిల్లవాడు.

ఈ చిక్కు కొత్తగా కనిపెట్టింది కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే దుమ్ముగూడెంలో వున్న జాన్ కెయిన్ అనే మిషనరీ కోయభాషను నేర్చుకుని దాని గురించి వ్రాశాడు. నిజాం రాజ్యంలో హైమన్‌డార్ఫ్ సలహా మీద 1940లలో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకు శిక్షణ ఇచ్చి, గోండీలోనే వాచకాలు తయారుచేసి, గోండు పిల్లలకు చదువు చెప్పించారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టారు. వాటిలో కోయ ఒకటి. ప్రతి తరం ఈ సంగతిని కనిపెడుతుంది, తర్వాతి తరం మళ్లీ కనిపెట్టేందుకు వీలుగా అటకెక్కిస్తుంది!

కోయభాష తెలిసిన మాస్టరుంటే సగం బాధ తీరుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల బళ్లలో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరిలో మూడో నంబరు జీవో వచ్చింది. నూటికి నూరు శాతం ప్రత్యేకించడం రాజ్యాంగానికి సరిపడదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. న్యాయవాదులు రెండువైపులా వాదించుకున్నారు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న చాలా చిన్నది: "నీళ్లు" అని నేను నా భాషలో అడిగితే ఇవ్వగల మనిషి బళ్లో వున్నాడా?

అయిదో తరగతి దాటాక దూరం అడ్డు వస్తుంది. గూడెంలో వున్నది ప్రాథమిక పాఠశాల. ఆరుకు పోవాలంటే ఆశ్రమ పాఠశాలలో చేరాలి, లేదా నడవాలి. అడవిదారిలో వాగులు పొంగే రోజుల్లో నడక మాటే లేదు. గోదావరి సంగతి భద్రాచలంవారికి చెప్పాలా! 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. అంత వరద రానక్కరలేదు, రెండో హెచ్చరిక వచ్చిందంటే చాలు. నది పొడుగునా లోతట్టు ఊళ్లవాళ్లు మూటా ముల్లె సర్దుకుంటారు. మెరకమీద వున్న బడి పునరావాస కేంద్రమవుతుంది. అప్పుడు బళ్లో పిల్లలుంటారు, వాళ్ల తల్లిదండ్రులుంటారు, మేకలు కూడా వుంటాయి, పాఠాలు మాత్రం వుండవు. "ఆ పదిరోజులే మా బడి నిండుగ వుంటది సార్" అన్నాడొక గడుసు పిల్లవాడు.

ఆ విధంగా జూలై, ఆగస్టు వరదకు కొన్ని రోజులు పోతాయి. దసరా తర్వాత కాస్త చదువు సాగుతుంది. సంక్రాంతి వచ్చిందా, మిరప వచ్చిందన్నమాటే. జనవరి నుంచి మార్చి దాకా, కాపు బాగుంటే ఏప్రిల్ దాకా, రెండు మూడు విడతలుగా కాయ కోస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే బడికి ఊపిరాడనిది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మార్చిలో మొదలవుతాయి; మిగతా తరగతులవి ఏప్రిల్‌లో. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలుండాలని విద్యాహక్కు చట్టం. ఒక పిల్ల తన లెక్క తానే వేసి చెప్పింది: వరదకు పన్నెండు, జ్వరానికి తొమ్మిది, మేడారం జాతరకు ఆరు, మిరపకు నలభై ఒకటి. జాతర రెండేళ్లకోసారే గాబట్టి దాన్ని సగం చేయాలని కూడా తనే అంది! లెక్కల్లో వెనకబడిందని రాసిన పిల్ల ఈమె.

మిరపకోత చూడనివారికి ఒక మాట. పొద్దు పొడవకముందే ఆటోలో కుక్కుకుని పోవాలి. నడుము వంచి కోయాలి. చేతుల మంట రాత్రికి గాని తెలియదు. పొరపాటున కళ్లు నులుముకున్నారా, ఇక ఆ పూట అంతే. పిల్లలు కోసిన కాయ తల్లి బుట్టలో పడుతుంది. కూలి తల్లి చేతికే వస్తుంది. అందుచేత ఏ లెక్కలోనూ పిల్లలు పని చేసినట్లుండదు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టరాదని 2016లో సవరించిన చట్టం చెబుతోంది. బడివేళ కాని సమయంలో సొంత కుటుంబానికి సాయపడితే తప్పు లేదన్న మినహాయింపు కూడా అందులోనే వుంది. తోట పరాయిది, తల్లి సొంతది. ఇందులో కుటుంబం ఎక్కడ ముగిసిందో తోట ఎక్కడ మొదలైందో ఇన్‌స్పెక్టరుగారు వచ్చి గీత గీయాలి.

తోటపని ఇష్టమా అని అడిగాను. ఇష్టమేనన్నారు కొందరు. నేను ఆశ్చర్యపోతే, "తోటల అందరు మాట్లాడతరు సార్" అన్నారు. బళ్లో? బళ్లో మాట్లాడితే దెబ్బలు. తోటలో కోయలో మాట్లాడుకోవచ్చు, పాటలు పాడుకోవచ్చు, ఎండు మిరపకాయలు చూసి ఎవరికెన్ని కిలోలు తూగుతాయో సరిగ్గా అంచనా కట్టి మెప్పు పొందవచ్చు. అక్కడ వాళ్లకు ఏదో వచ్చు. ఇక్కడ వాళ్లకు ఏదీ రాదు. కూలిడబ్బు కన్న ఇది పెద్ద కారణమని నేననడం లేదు. కాని డబ్బు గురించి అడిగినవాళ్లు చాలామంది వున్నారు, దీని గురించి అడిగినవాళ్లు తక్కువ.

ఆ తోటల్లోనే ఛత్తీస్‌గఢ్ నుంచి కోతలకు వచ్చిన కుటుంబాలు గుడారాలు వేసుకుని వుంటాయి. వాళ్ల పిల్లలు గట్టుమీద చంటివాళ్లను ఎత్తుకుని కనబడతారు. అటునుంచే, 2005 తర్వాతి అలజడి రోజుల్లో పారిపోయి వచ్చి ఈ అడవుల్లో గూడేలు కట్టుకున్న గుత్తికోయలున్నారు. వాళ్లకు ఇక్కడ గిరిజన ధ్రువపత్రం దగ్గర చిక్కు. వయసు పత్రం లేదని గాని, పాత బడి కాగితం రాలేదని గాని పిల్లవాణ్ణి చేర్చుకోకుండా వుండరాదని విద్యాహక్కు చట్టంలో స్పష్టంగా వుంది. చేర్చుకుంటున్నారు కూడా. ఎటొచ్చీ హాస్టలు, ఉపకారవేతనం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ కాగితమే కావాలి.

సరే, కోత అయిపోయింది. ఇప్పుడు బడికి పోవాలి. ఎట్లా పోవాలి?

నేను కలిసిన పిల్లల్లో మళ్లీ చదవాలని లేనివాళ్లు ఒకరో ఇద్దరో. మిగతావాళ్లను ఆపుతున్నది ఈ ఒక్క ప్రశ్న. హాజరుపట్టీలో పేరు కొట్టేశారేమోనని భయం. పేరుంటే పిలిచినప్పుడు ఏమంటారోనని భయం. నోట్సులో ఆరు పాఠాలు ఖాళీ. తను కూర్చునే చోట మరొకరు కూర్చుని వుంటారు. ఆశ్రమ పాఠశాల పిల్లవాడైతే తండ్రిని వెంటబెట్టుకుని రమ్మంటారు. తండ్రి రావాలంటే ఒకరోజు కూలి పోగొట్టుకోవాలి, బస్సు చార్జీలు పెట్టుకోవాలి. ఇవాళ రేపు అంటాడు. ఆ ఇవాళ రేపుల్లో నెల గడుస్తుంది. పదమూడేళ్లవాడు గుమ్మం దగ్గర నిలబడి లోపలికి వెళ్లేందుకు ఎంత ధైర్యం కావాలో, మనం ఏదైనా పెళ్లికి భోజనాలు అయిపోయాక వెళ్లినప్పటి సంగతి తలుచుకుంటే కొంత తెలుస్తుంది.

విచిత్రమేమంటే, వాళ్లకు కావలసినది చట్టంలో వుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షనులో, బడికి దూరమైన పిల్లవాణ్ణి వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలనీ, తోటివాళ్లను అందుకునే దాకా అతనికి విడిగా పాఠాలు చెప్పాలనీ, అట్లా చెప్పించుకోవడం అతని హక్కనీ రాసి వుంది. నేను చదివి వినిపిస్తే ఒక్క పిల్లవాడూ నమ్మలేదు. "మాకేనా సార్?" అన్నారు. పైగా ఏడాదికేడాది బడికి దూరమైనవాడి పేరే పైకి వస్తుంది గాని, నలభై రోజులు తప్పినవాడు బళ్లో వున్నట్లే లెక్క. నాలుగో సెక్షను అతని దాకా రాదు. పద్నాలుగేళ్లు నిండితే చట్టమే పక్కకు తప్పుకుంటుంది. పిల్లలు ఎక్కువగా జారిపోయేదీ సరిగ్గా ఆ తొమ్మిది, పది తరగతుల దగ్గరే!

తిరిగి రావడానికి దారి వేస్తే పిల్లలు వస్తారని ఈ తెలుగునేల మీదే రుజువైంది. ఎం. వెంకటరంగయ్య ఫౌండేషనువారు 1991 నుంచి రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో పనికి పోయే పిల్లల్ని శిబిరాల్లో కొన్ని నెలలు వుంచి, చదువు అందించి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. ఆ పనికి ముందు నడిచిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే బహుమానం వచ్చింది. ఆ శిబిరాల కిటుకు పాఠాల్లో ఎంత వుందో మర్యాదలో అంత వుందని నా అభిప్రాయం: ఆలస్యంగా వచ్చినవాళ్లంతా ఒకచోట వుంటారు గనక ఎవణ్ణీ చూసి ఎవడూ నవ్వడు. ఆడపిల్లలకు 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలు కొంతవరకు ఈ పని చేస్తున్నాయి. మధ్యలో మానేసిన ఆడపిల్లలు వాటిలో చేరి పది దాటుతున్నారు. మగపిల్లలకు ఆపాటి దారి కూడా లేదు. పదో తరగతి వయసు దాటినవారికి ఓపెన్ స్కూలు వుంది గాని, అది పుస్తకం చేతికిచ్చి నువ్వే చదువుకో అంటుంది. మళ్లీ చెప్పేటాయన అక్కడ దొరకడం కష్టం.

చర్ల వైపు ఒక గూడెంలో మాస్టరొకాయన, తానుగా, ఎవరూ చెప్పకుండా, ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కోతకు పోయి వచ్చిన పిల్లవాణ్ణి హాజరు వేళ ఏమీ అడగడు. పొద్దున బడి మొదలయ్యేందుకు గంట ముందు రమ్మంటాడు. మిగతావాళ్లు రాకముందే పోయిన పాఠం ముఖ్యమైనంతవరకు చెప్పేస్తాడు. జనవరిలో కష్టమైన పాఠాలు పెట్టుకోకుండా ముందే ముగిస్తాడు. "తేదీలు మార్చే అధికారం నాకు లేదు, పాఠాల వరస మార్చుకునే వీలుంది గదా" అన్నాడు. ఆయన దగ్గర ఇంకో చిన్న నోటుపుస్తకం వుంది. ఎవరు ఏ ఊరి తోటకు పోయారు, ఎవరితో పోయారు, ఎన్నాళ్లకు వస్తామన్నారు అని రాసుకుంటాడు. చెప్పిన రోజుకు రాకపోతే ఆదివారం మోటారు సైకిలు మీద ఆ తోటకు పోయి కనబడి వస్తాడు. తిట్టడట. కనబడి వస్తాడు, అంతే. ఆయన పెట్రోలు ఖర్చు ఏ పద్దు కింద రాయాలో ప్రభుత్వ పద్దుల్లో వున్నట్లు లేదు.

మీరైతే ఏం చేస్తారని ఆ గూడెం పిల్లలను అడిగాను. చెట్టుకింద పెద్ద సభే అయింది. పరీక్షలు సంక్రాంతికి ముందే పెట్టేయమని ఒకడు. వేసవి సెలవులు తీసి మిరపకు ఇవ్వమని ఇంకొకడు. ఎండల్లో బడికి ఎవడొస్తాడని వాణ్ణి మిగతావాళ్లు కొట్టిపారేశారు. పైగా ఏప్రిల్, మేలో తునికాకు సేకరణ వుండనే వుంది. పట్నంలో హాస్టలు వద్దు, కోతల రోజుల్లో గూడెంలోనే పెట్టమని ఆడపిల్లలు. అమ్మానాన్నా తోటల దగ్గర వుండే నెలల్లో పిల్లలు ఊళ్లోనే తిని పడుకుని చదువుకునే సీజనల్ హాస్టళ్లు వలసలున్న కొన్ని జిల్లాల్లో నడిచాయి. ఈ పిల్లలకు ఆ సంగతి తెలియదు, తామే కనిపెట్టామనుకున్నారు. ఆ సంతోషం పాడు చేయడమెందుకని నేనూ చెప్పలేదు. చివరికి అందరూ ఒప్పుకున్నది మాత్రం ఒకటి: వచ్చినవాణ్ణి "ఎందుకు రాలేదు" అని అడగకూడదు, "ఎక్కడిదాకా వచ్చు" అని అడగాలి.

సభ ముగిసి నేను బస్సుకోసం లేచేసరికి నారు కథ చెప్పిన ఏడో తరగతి పిల్ల బడి అరుగుమీద కూర్చుని వుంది. మిరపకోత నుంచి వచ్చి పదకొండు రోజులయిందట. స్నేహితురాలి సైన్సు నోట్సు మోకాళ్లమీద పెట్టుకుని ఎక్కిస్తోంది. వేళ్ల చివర తోలు ఇంకా ఎర్రగా ఊడి వుంది. కలం పట్టుకోవడం కష్టంగానే వున్నట్లుంది. ఎంత అయిందని అడిగాను. రెండు పాఠాలు అయినయి, నాలుగున్నయి, చీకటి పడేలోపు మూడోది అయితది అంది.